సూదికి దొరకనిది

ఏళ్ళ తరబడి నేను మోస్తున్న బరువు ఒక ఫోను మాట. టీ చల్లారేంత సేపు కూడా సాగలేదు ఆ మాట. విన్నది నేనొక్కణ్ణే. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు, చెప్పడానికి వీలున్న ఏ రోజూ చెప్పలేదు. చివరికి వినాల్సినవాడే లేకుండా పోయాడు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. ఇంత చెప్పి పేరు దాచుకోవడమేమిటి, అదీ పిరికితనమే కదా అంటారా? అవును, పిరికితనమే.

గద్వాలలో మగ్గం మీద బతికే ఇల్లు మాది. అంతవరకు చాలు. మా వీధిలో నాకు మర్యాద ఉంది. ఎంత మర్యాద అంటే, ఎవరి మెడ పక్కన చిన్న గడ్డ లేచినా ముందు నా దగ్గరికి పంపిస్తారు. "ఆయనకు ఎరుక. తమ్ముని కోసం కాళ్ళరిగేటట్టు తిరిగిండు" అంటారు. ఈమధ్య ధరూర్ నుంచి ఒకావిడ తన అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళను తీసుకొచ్చింది మా మరదలు జములమ్మ, చనిపోయిన నా తమ్ముడి భార్య. నేను పెద్ద వైద్యుడిలా అతని మెడ తడిమి చూశాను. "సూదితోని సరిపెట్టుకోకుండ్రి. గడ్డ మొత్తం తీపిచ్చి పరీక్షకు పంపియ్యుండ్రి. జర జల్ది పోండ్రి" అని చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పక్కన నిలబడ్డ జములమ్మ నావైపు గర్వంగా చూసింది. మా బావ ఇటువంటివాడు అనే గర్వం అది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

నేనిచ్చిన సలహాలో తప్పేమీ లేదు. అది నాది కాదు, అంతే. ఆ రోజు ఫోనులో విని నేను మింగేసిన మాటే అది. తమ్ముడికి చెప్పకుండా దాచిన మాటను ఇప్పుడు ఊరందరికీ ధారాళంగా పంచిపెడుతున్నాను. దీన్ని మీరు ఏమంటారు? నాకైతే తిట్టు దొరకడం లేదు.

తమ్ముణ్ణి ఇక్కడ మద్దిలేటి అంటాను. మా వైపు వీధికొక మద్దిలేటి ఉంటాడు, కాబట్టి మీకు ఆనవాలు దొరకదు. జములమ్మ పేరూ అంతే. వాడు నాకంటే చిన్నవాడు, నాకంటే మాటకారి. నేను నవ్వకుండా బిగుసుకుని కూర్చుంటానని నన్ను సర్పంచు అని ఏడిపించేవాడు. గద్వాల చీర సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. రెండు జాతుల పోగుల్ని ఒకదానితో ఒకటి మెలివేసి కలపాలి. మా ఇంట్లో ఆ పని మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చేసేవాళ్ళం. పోగు చుట్టిన నాడె నా చేతిలోంచి వాడి చేతికి పోయేది, వాడి చేతిలోంచి నా చేతికి వచ్చేది. నేను తల ఎత్తి చూడక్కర్లేకపోయేది, వాడి చెయ్యి అక్కడే ఉండేది. కొత్తవాణ్ణి కూర్చోబెడితే అంచు దగ్గర పోగు ఒక చోట బిగుస్తుంది, ఒక చోట వదులవుతుంది. కొన్నవాళ్ళకు అది కనపడకపోవచ్చు. మా వీధివాళ్ళకు కనపడుతుంది.

మా దగ్గర ఏటా దేవుడికి జోడు పంచెలు నేసి పంపే ఆచారం ఉంది. ఎవరు పడితే వాళ్ళు నేయరు. పెద్దలు పిలవాలి. పిలుపు వచ్చినవాళ్ళు మండలం పాటు దీక్షలో ఉండాలి. ఒంటిపూట తిండి, రోజూ తలస్నానం, చాప మీద పడక. గడ్డం కూడా గీసుకోకూడదు. దీక్షలో ఉన్న ఒంటి మీద కత్తి పడకూడదు, నెత్తురు కనపడకూడదు. పడితే ఆ మనిషి మగ్గం దిగాలి. అతని జోడీ కూడా దిగాలి. వేరే ఇంటి జోడీ ఎక్కుతుంది. ఇది మా పెద్దలు పెట్టిన కట్టడి. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు.

మా నాయన ఒకప్పుడు ఆ మగ్గం మీద కూర్చున్నవాడే. ఒక ఏడాది దీక్షలో ఉండగా నోట కల్లు వాసన వచ్చిందని నలుగురిలో భుజం పట్టి లేపేశారు. ఆ తర్వాత మా ఇంటికి పిలుపు రాలేదు. నాయన పోయాక కూడా రాలేదు. పెళ్ళిలోనో చావులోనో ఎవరో ఒకరు ఆ ముచ్చట ఎత్తేవారు, నవ్వుతూనే. నవ్వులాటకు అన్నారులే అని మద్దిలేటి వదిలేసేవాడు. నేను వదల్లేదు. ఒక్కొక్క నవ్వునూ దాచిపెట్టుకున్నాను. అన్నేళ్ళకు పిలుపు వచ్చింది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎక్కండి అన్నారు. ఆ పూట నేను ఇంటి వెనక్కి పోయి ఎవరూ చూడకుండా ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమైనదే.

అప్పటికే మద్దిలేటికి ఒంట్లో బాగుండటం లేదు. ఎండాకాలం నుంచే దురద. కాళ్ళు గోకి గోకి పుండ్లు చేసుకునేవాడు. జములమ్మ వేపాకు నీళ్ళు కాచి పోసేది. పొద్దున లేచేసరికి వాడి చాప చెమటకు తడిసి ఉండేది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. మనిషి చిక్కిపోయాడు. తర్వాత మెడ పక్కన ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఎవరం పట్టించుకోలేదు. పిలుపు వచ్చాక నేను పట్టించుకున్నాను. వాడికి ఏమవుతుందో అన్న భయం కంటే, దీక్ష మధ్యలో ఏ అడ్డం వస్తుందో అన్న భయంతోనే వాణ్ణి దవాఖానకు తీసుకుపోయాను. మంచి అన్న అని అప్పుడు కూడా అన్నారు.

గద్వాలలో చూపిస్తే వీధికి తెలిసిపోతుంది. మా అత్తగారిది పెద్దమందడి. అక్కడికి పోతున్నామని చెప్పి వనపర్తిలో దిగాం. ఒక చిన్న నర్సింగ్ హోమ్. డాక్టరమ్మ నాగర్‌కర్నూల్ వైపు మనిషి. మాట కటువు, చెయ్యి మెత్తన. మెడ, చంకలు, కడుపు అన్నీ తడిమింది. దురద ఎన్నాళ్ళ నుంచి, చెమటలు పడుతున్నాయా, మనిషి ఎంత తగ్గాడు, గుచ్చి గుచ్చి అడిగింది. గడ్డలో సూది పెట్టి కాస్త లాగి గాజు పలకల మీద పూసింది. పరీక్షకు పంపి ఫోను చేస్తానంది. పెద్దవాణ్ణి కదా, నా నంబరు ఇచ్చాను. సూది తీశాక నెత్తురు చుక్క ఒకటి వచ్చింది. దూది అదిమి పట్టుకుంది నేనే. దీక్ష ఇంకా మొదలు కాలేదు కాబట్టి దోషం లేదు అనుకున్నాను. తమ్ముడి మెడ మీద చెయ్యి పెట్టి నేను ఆలోచించింది అది.

దీక్ష ఎల్లుండి అనగా పొద్దున ఫోను వచ్చింది. నేను మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాను. మద్దిలేటి బజారుకు పోయాడు. కండెలు చుడుతున్న జములమ్మ లేచి, కిటికీలో ఛార్జింగుకు పెట్టిన ఫోను తీసి, చేతులు కొంగుకు తుడుచుకుని నాకు అందించింది. నేను ఫోను తీసుకుని పెరట్లోకి పోయాను.

"సూదిల చెడ్డది ఏం దొరకలే" అంది డాక్టరమ్మ. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఆపలేదు. "దొరకలే అని లేదనుకోవద్దు. గిసుంటి గడ్డలల్ల చెడ్డ కణాలు చానా తక్కువుంటయి. చుట్టూ మంచి కణాలే ఉంటయి. సూదికి అవే వస్తయి. గడ్డ మొత్తం తీసి చూడాలె. చిన్న ఆపరేషనే. ఈ వారంల తీసుకరాండ్రి."

ఒక మండలం ఆగొచ్చా మేడమ్ అని అడిగాను. ఎందుకు ఆగాలని అడిగింది. పని ఉందన్నాను. "ఆగొద్దు" అంది. సరే అన్నాను.

పెరట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అప్పుడు నాకేమీ తోచలేదని చెప్పుకుంటే తప్పు చిన్నదైపోతుంది. అన్నీ తోచాయి. వాడి మెడ మీద కత్తి పడితే వాడు దిగాలి. వాడు దిగితే నేను దిగాలి. ఎదురింటివాళ్ళు ఎక్కుతారు. ఆ ఇంటివాళ్ళకు అచ్చిరాలేదు, తండ్రినీ లేపేశారు, కొడుకుల్నీ లేపేశారు అనే మాట పుడుతుంది. నెలల తరబడి ఉన్న గడ్డ ఇంకొక్క మండలం ఉండలేదా? దేవుడి పనిలో ఉన్నవాణ్ణి దేవుడు ఆ మాత్రం చూసుకోడా? నా సోకు కోసం దేవుణ్ణి ఎంత సులువుగా పూచీ పెట్టానో చూడండి. వాడికి సంగతి చెప్పి, నీ ఒళ్ళు, నీ ఇష్టం అనొచ్చు కదా? అదీ తోచింది. చెబితే వాడు ఏమంటాడో నాకు తెలుసు. పోదాం పద అన్నా, పంచెలు వచ్చే ఏడు నేద్దాం అంటాడు. అందుకే చెప్పలేదు.

వాడు బజారు నుంచి వచ్చాడు. జములమ్మ ఫోను సంగతి చెప్పినట్టుంది. చేతిలో సంచి దింపకుండానే నా దగ్గరికి వచ్చాడు.

"ఫోనొచ్చిందంట గద అన్నా. ఏమన్నది డాక్టరమ్మ?"

"సూదిల ఏం దొరకలేదంట."

"అంటే మంచిగున్నట్టేనా?"

"మంచిగనే ఉన్నదంట."

"మరి గీ గడ్డ?"

"అదే కరిగిపోతదంట. ఏం పరేషాన్ కావొద్దన్నది."

వాడు నవ్వాడు. "నేను జెప్పలే? గింత దానికి పెద్దమందడి పోతున్నమని కత అల్లితివి. సర్పంచువు నువ్వు, నీకు అన్నిటికీ భయమే" అన్నాడు. సంచి జములమ్మకు ఇచ్చి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

సూదిలో ఏమీ దొరకలేదన్నది నిజం. ఆ నిజాన్ని ముందు నిలబెట్టి దాని చాటున అబద్ధాన్ని ఇంట్లోకి తెచ్చాను. మొత్తం అబద్ధమే ఆడాల్సి వస్తే నా గొంతు వణికేదేమో, వాడు పట్టేసేవాడేమో. సగం నిజం కాబట్టి నోరు తిరిగింది. ఆ సాయంత్రం జములమ్మ దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరి నేనూ తిన్నాను.

మండలం గడిచింది. ఎట్లా గడిచిందని అడగకండి అని రాయబోయాను. కాదు, అడగండి. వాడికి ఒంటిపూట తిండి కూడా సరిగా సయించేది కాదు. మగ్గం మీద కూర్చుంటే వెన్ను మీద చెమట కారేది. దీక్షలో మనిషి చిక్కడం మామూలే అని పెద్దలు మెచ్చుకున్నారు. ఎంత నిష్ఠగా ఉన్నాడో చూడండి అన్నారు. ఒక పొద్దున వాడు కాలు గోక్కుంటుంటే చర్మం లేచి నెత్తురు కనపడింది. సన్నటి గీత, పిక్క మీద. వాడు చూసుకోలేదు, నేను చూశాను. పంచె కిందికి దించుకో అని మెల్లగా చెప్పాను. వాడు దించుకున్నాడు. కట్టడి ప్రకారం ఆ నెత్తురుకే మేము మగ్గం దిగాలి. అంటే నేను ఏ నియమం కోసం తమ్ముడి గడ్డ దాచానో, ఆ నియమాన్నే నా నోటితో తప్పించాను. నాది భక్తి కూడా కాదని అప్పుడైనా తెలియాలి కదా? తెలిసింది. నాడె వాడి చేతికి ఇచ్చాను.

ఆ రోజుల్లో డాక్టరమ్మ నంబరు మళ్ళీ మోగింది. ఎత్తలేదు. ఇంకోసారి మోగింది. అప్పుడూ ఎత్తలేదు. తర్వాత మోగలేదు.

పంచెలు బాగా వచ్చాయి. అంచు అంత సమంగా ఈమధ్య కాలంలో ఎవరూ చూడలేదన్నారు. మేళతాళాలతో వీధంతా ఊరేగించి పంపారు. నాకు శాలువా కప్పారు. మా నాయనను లేపేసినప్పుడు చూసిన ఒక ముసలాయన నా తల నిమిరి, మీ నాయన మీద పడ్డ మాట చెరిగిపోయింది పో అన్నాడు. మద్దిలేటి గోడకు ఆనుకుని నిలబడి చప్పట్లు కొట్టాడు. నిలబడటానికి వాడికి గోడ కావాల్సి వచ్చింది. అది నాకు కనపడింది. కనపడిందని ఇప్పుడు రాస్తున్నాను.

ఇక తీసుకుపోవచ్చు కదా? కట్టడి తీరింది, శాలువా వచ్చింది. ఇంకేం అడ్డం? ఇక్కడే నా తప్పు రెండో అంతస్తు ఎక్కింది. ఇప్పుడు తీసుకుపోతే డాక్టరమ్మ వాడి ముందే అడుగుతుంది, అప్పుడే రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదని. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. పైగా వాడికి జ్వరం తగ్గింది. కొన్నాళ్ళు మామూలుగా తిన్నాడు. దేవుడు చూసుకున్నాడని నేనే అందరికంటే గట్టిగా అన్నాను. ఆ జబ్బులో జ్వరం అట్లా వచ్చి పోతుంటుందని తర్వాత తెలిసింది. మళ్ళీ వచ్చినప్పుడు వనపర్తి పోలేదు. వేరే ఊళ్ళో వేరే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. సూది పరీక్ష చేయించాం సార్, ఏమీ లేదన్నారు అని చెప్పాను. మిగతా మాట చెప్పలేదు. మా వైపు మెడ గడ్డ అంటే టీబీయే ఎక్కువ. ఆయన టీబీ మాత్రలు రాశాడు. ఆయన్ను అనడానికి ఏముంది? నేను ఎంత చెబితే ఆయన అంతే విన్నాడు. జములమ్మ ఆ మాత్రలు పొద్దున్నే వేళ తప్పకుండా వేసింది. నెలలు పోయాయి. చలికాలం దాటేసరికి వాడు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు.

అప్పుడు హైదరాబాదు. గడ్డ మొత్తం తీశారు. లింఫోమా, ఒక రకం క్యాన్సర్ అన్నారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు, మా భాష మాట్లాడే మనిషి, నేను పదే పదే అడుగుతున్నానని జాలిపడి లోపలికి తీసుకుపోయి కంప్యూటర్ మీద చూపించాడు. తమ్ముడి గడ్డలోంచి కోసిన పలుచటి పొరను రంగు వేసి పెద్దదిగా చేసిన బొమ్మ అది. తెరంతా నీలం చుక్కలు. వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద కణం. ఒక్కో దానికి జంట కళ్ళలాంటివి. నావైపే చూస్తున్నట్టుంది.

"గవే చెడ్డవి. ఇంత గడ్డల గవి చారెడు కూడా ఉండవు" అన్నాడు. మరి మిగతావన్నీ ఏమిటని అడిగాను. "మంచి కణాలే. మన ఒంటిని కాపాడేటందుకు పుట్టినయి. కొట్లాడనీకే వస్తయి. చెడ్డ కణం వాటిని పిలిపిచ్చుకొని చుట్టూ కూసోబెట్టుకుంటది. వాటితోనే తిండి తెప్పిచ్చుకుంటది, వాటి చాటునే దాక్కుంటది. కొట్లాడేటందుకు వచ్చినయి దాని మీద చెయ్యి ఎత్తకుంట చేస్తది. వాటిని తీసేసి ఒంటరిగ బయట పెడితే అది బతుకుడే కష్టం."

ఆ బొమ్మలో సన్నటి పోగుల్లాంటివి కూడా కనపడ్డాయి. నేతవాణ్ణి కదా, నా కన్ను అక్కడికే పోయింది. అవేంటి సార్ అన్నాను. అది నార అన్నాడు. ఒంట్లో ఉండే మామూలు కణాలే దాని చుట్టూ ఆ నారను అల్లుతాయట. దాని కోసం. ఎవరి పని చేస్తున్నాయో వాటికి తెలియదట.

ఈ జాతి జబ్బుకు మందు బాగా పని చేస్తుందనీ, చాలామంది బతికి బయటపడతారనీ కూడా చెప్పాడు. ముందే వచ్చి ఉంటే అని ఆయన అనలేదు. నేను అడగలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ ఎవరినీ అడగలేదు. అడిగితే, ముందు వచ్చినా అంతేనయ్యా అంటారేమో, అప్పుడు నాకు కాస్త ఊరట దొరుకుతుందేమో. లేదూ, ఆ మండలమే మీ తమ్ముణ్ణి చంపింది అంటారేమో. రెండోది వినే ధైర్యం లేక మొదటిది కూడా వదులుకున్నాను.

వాడికి మందులు ఎక్కించారు. జుట్టు పోయింది. కొన్నాళ్ళు గడ్డలు కరిగాయి. మళ్ళీ లేచాయి. ఇంకా గట్టి మందులు అన్నారు, వాడి ఒళ్ళు తట్టుకోలేదు. ఆ తిరుగుళ్ళన్నిటికీ నేను తోడు ఉన్నాను. వాంతి పట్టాను, వీపు మీద మోశాను, ఆస్పత్రి వరండాలో పడుకున్నాను. వీధి అంతా దాన్నే చెప్పుకుంటుంది. నేను చేసిన సేవంతా నిజం. అందులో ప్రేమ ఎంత, భయం ఎంత? ఎన్నిసార్లు వేరు చేయబోయినా రాలేదు. చివరి రోజుల్లో వాడు జములమ్మతో ఒక మాట అన్నాడట. అన్న లేకుంటే నేను ఇన్ని దినాలు కూడా ఉండకపోతుంటి అని. వచ్చినవాళ్ళందరికీ ఆమె ఆ మాట చెప్పేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి.

ఆ డాక్టరు చెప్పింది నేను మర్చిపోలేదు. చాలా కాలం ఆ చుట్టూ చేరిన మంచి కణాల్లో నన్ను నేను లెక్కేసుకున్నాను. నేను చెడ్డవాణ్ణి కాను, తెలిసీ తెలియక చెడుకు కాపలా కాశాను, అంతే అని. ఎంత బాగుంది ఆ ఆలోచన! దాన్ని పక్కలో వేసుకుని పడుకుంటే నిద్ర కూడా పట్టేది.

ధరూర్ ఆవిడ నా చేతులు కళ్ళకద్దుకున్న రోజున ఆ ఆలోచన పాడైంది. జములమ్మ చూపు చూశాక పాడైంది. నా చుట్టూ ఎవరున్నారు? నన్ను దేవుడంటున్న జములమ్మ. మా ఆయన బంగారం అనే నా భార్య. శాలువా కప్పిన పెద్దలు. గడ్డలు పట్టుకుని వచ్చే జనం. పోయినా నా మంచి కోసం సాక్ష్యం చెబుతున్న తమ్ముడు. అందరూ మంచివాళ్ళే. వాళ్ళను పిలిపించుకుని చుట్టూ కూర్చోబెట్టుకున్నది నేను. వాళ్ళు పెట్టే మర్యాద తిని బతుకుతున్నది నేను. మా ఇంట్లో ఎవరు ఏ సూది గుచ్చి లాగినా వాళ్ళే వస్తారు. నేను రాను.

మద్దిలేటి పోయాక వాడి చోట జములమ్మే కూర్చునేది. చెయ్యి కుదరడానికి ఏడాది పట్టింది, కానీ కుదిరింది. నేను తల ఎత్తక్కర్లేకపోయేది. ధరూర్ వాళ్ళు వచ్చి పోయిన కొన్నాళ్ళకు ఒక పొద్దున, చీర సగంలో ఉండగా, చెప్పేశాను. వనపర్తి డాక్టరమ్మ ఏమన్నదో అది, నేను ఏం చెప్పానో అది. పంచె కింద దాచిన నెత్తురు, ఎత్తని ఫోన్లు, వేరే డాక్టరు దగ్గర మింగిన మాట, అన్నీ. ఏదీ తగ్గించలేదు. తల ఎత్తకుండానే చెప్పాను. నాడె ఆమె చేతిలో ఉంది. అది నావైపు రాలేదు.

ఆమె ఏడవలేదు. శాపం పెట్టలేదు. ఒక్క మాట అంది.

"ఆ పొద్దు ఫోను నేనే అందిచ్చిన గద బావా నీకు."

చేతులు కొంగుకు తుడుచుకుంది. నాడె మగ్గం మీద తన వైపు పెట్టి, గుంతలోంచి లేచి, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

అప్పటి నుంచి ఆమె మగ్గం దగ్గరికి రాలేదు. నాతో మాట్లాడలేదు. వీధికి చెప్పిందో లేదో తెలియదు, రేపు చెప్పినా చెప్పొచ్చు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే మళ్ళీ ఒక మంచి మనిషిని నా చుట్టూ కూర్చోబెట్టుకున్నట్టే. చీర సగంలో ఆగి ఉంది. నాడె ఆమె పెట్టిన చోటే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది, నేను చాచలేదు.

తేలికగా ఉందా అని అడుగుతారేమో. ఉంది. ఆ రోజు మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను, ఎన్నేళ్ళకో గొంతు దగ్గర ఏమీ అడ్డం పడలేదు. తమ్ముడు లేడు. మరదలు తలుపు తీయదు. నాకు మాత్రం అన్నం దిగుతోంది. సిగ్గుపడాల్సిన ఆ సంగతి కూడా దాచకుండా చెప్పేస్తున్నాను.